మీరు అడిగారు: నీలగిరి చెట్లు కొట్టించేయాలా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వెనక నాలుగు నీలగిరి చెట్లున్నాయి. "వీటి ఆవిర్ల వల్లే గాలిలో సన్న ధూళి పెరుగుతోంది, కొట్టించేద్దాం" అని అసోసియేషన్ మీటింగులో ఒకాయన పట్టుబట్టారు, ఫోన్‌లో వీడియో కూడా చూపించారు. చెట్లు గాలిని శుభ్రం చేస్తాయనే కదా చిన్నప్పటి నుంచి చదువుకున్నాం?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆయన చెప్పింది సగం నిజమేనండి, మిగతా సగం ఆ వీడియోలో వచ్చినట్టు లేదు.

ముందు ఆ చెట్టు ఆకు ఒకటి తెంపి అరచేతిలో నలపండి. ముక్కుకు ఘాటుగా తగులుతుందే, అదే ఆవిరి. బత్తాయి తొక్కను దీపం దగ్గర పిండితే చిటపటమని మెరిసే తుంపర కూడా ఈ కుటుంబానిదే, దాని పేరు లిమోనీన్. ఐసోప్రీన్ అని ఇంకొకటుంది, చెట్టు కింద నిలబడినా దాని వాసన మనకు తెలియదు గానీ భూమ్మీద చెట్లన్నీ కలిసి ఏడాదికి సుమారు 50 కోట్ల టన్నులు వదులుతాయి. ఎండ ముదిరితే ఎక్కువ, చీకటి పడితే దాదాపు బంద్.

అయితే ఇదంతా ఆవిరే, ధూళి కాదు. ధూళి ఎలా అవుతుందంటే, గాలిలో ఓజోన్, హైడ్రాక్సిల్ అనే చురుకైన పదార్థాలుంటాయి, అవి ఈ ఆవిరి అణువుల మీద పడి ఆక్సిజన్‌ని తగిలిస్తాయి, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఆ బరువుకి అణువు ఇక గాలిలో ఆవిరిగా తిరగలేక దొరికిన నలుసు మీద అతుక్కుంటుంది, లేదా తనలాంటి వాటితో కలిసి కొత్త నలుసవుతుంది. మూత మీద ఆవిరి నీటిబొట్లయినట్టే, కాకపోతే అక్కడ మూత చల్లగా ఉండబట్టి, ఇక్కడ అణువే మారిపోబట్టి. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్న నూనె నాలుగు నెలలకి బంకలా అయి గోటితో గీకినా రాదు కదా, గాలి తగిలి తగిలి చిక్కబడే గుణం అలాంటిదే. ఈ నలుసులు చాలావరకు 1 మైక్రాన్ కంటే చిన్నవి, మన వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు.

కొండల మీద దూరంగా కనిపించే నీలిపొర అడవి ఆవిర్ల నుంచే పుడుతుందని 1960లో ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రవేత్త రాశారు. నమ్మకం కుదరకపోతే అగరుబత్తి వెలిగించి నల్లగుడ్డ ముందు పెట్టి చూడండి, కొస నుంచి లేచే పొగ నీలంగా ఉంటుంది, అంత చిన్న నలుసులు నీలి వెలుగునే ఎక్కువగా చెదరగొడతాయి.

ఇక మిగతా సగం. చెట్టు పాలు పోస్తుంది, తోడు మాత్రం ఎక్కువగా మనమే వేస్తున్నాం. అడవిలోనూ కొంత తోడుకుంటుంది, అది ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ బండ్లు, ఓడలు, బాయిలర్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో ఆవిర్లతో కలిస్తే నేలమట్టాన ఓజోన్ పెరుగుతుంది. బొగ్గు, డీజిల్‌లోని గంధకం కాలి ఆమ్లపు నలుసులవుతుంది, ఐసోప్రీన్ నుంచి పుట్టిన పదార్థాలు వాటి మీద వాలి అక్కడే రసాయన చర్య జరిపి దిగబడిపోతాయి. ఐసోప్రీన్ మరీ తేలిక, దాంతో ధూళి కాదని చాలాకాలం అనుకున్నారు, 2004లో అమెజాన్ అడవి గాలిలో ఆనవాళ్లు దొరికాక ఆ మాట మార్చుకున్నారు. కాబట్టి అదే నీలగిరి చెట్టు అరకులో ఉన్నప్పుడు ఒక లెక్క, పోర్టు, ఫ్యాక్టరీల పొగలో ఉన్నప్పుడు ఇంకో లెక్క. మీ నాలుగు చెట్లు కొట్టేస్తే నీడ పోతుంది, ఓజోన్ ఎక్కడికీ పోదు. కొత్తగా నాటేటప్పుడు మాత్రం నీలగిరి వద్దనుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

ప్రశ్న: మా డాబా మీద రోజూ నల్ల దుమ్ము. మీరు రాసే సన్న ధూళి ఇదేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాదండి. గుడ్డకు అంటేది పెద్ద నలుసు, బొగ్గుపొడి, మసి లాంటిది, బరువుకి తనంతట తనే దిగుతుంది. ఆవిరి నుంచి పుట్టినది డాబా మీద వాలదు, రోజుల తరబడి గాలిలోనే తేలుతూ ఊపిరితిత్తుల లోతుకి పోతుంది. మన విశాఖపట్నానికి అటు కైలాసగిరి, సింహాచలం కొండలు, ఇటు యారాడ కొండ. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలకి అంటుకుని పైన వెచ్చటి గాలి మూతలా పడితే, ఆ గిన్నెలోనే అంతా ఉండిపోతుంది. బీచ్‌రోడ్డు నుంచి డాల్ఫిన్ నోస్ వెలిసిపోయినట్టు కనిపించే జనవరి ఉదయాలు గుర్తున్నాయి కదా, అందులో మంచు ఎంతో, ఇది ఎంతో కంటితో తేల్చలేం.

ప్రశ్న: ఇంటికి పెయింట్ వేయించాం, వాసన పోయింది. ఇక ప్రమాదం లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: మీ గదిలోంచి పోయింది, గాలిలోంచి పోలేదు. థిన్నర్‌లోని టోలుయీన్, జైలీన్ అనే ఆవిర్లు బయట ఎండలో పైన చెప్పిన దారే పడతాయి. 1950ల్లో లాస్ ఏంజెలెస్ పొగమంచు గుట్టు విప్పిన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ (అంతకు ముందు అనాసపండు వాసన మీద పనిచేసిన మనిషి!) పెట్రోలు, రిఫైనరీ ఆవిర్లను పట్టుకున్నారు. అదే నగరం మీద 2018లో వచ్చిన పరిశోధన ఇంకో దిక్కు చూపించింది: పెట్రోలియంతో ముడిపడిన ఆవిర్లలో దాదాపు సగం పెయింట్లు, సెంట్లు, క్లీనింగ్ ద్రవాల నుంచే. నిమ్మ వాసన ఫ్లోర్ క్లీనర్‌లో ఉండేదీ లిమోనీనే, కిటికీలోంచి వచ్చే ఓజోన్‌తో కలిసి గదిలోనే నలుసులవుతుంది. ఓజోన్ మధ్యాహ్నం ఎక్కువ, అందుకని ఇల్లు ఉదయమే తుడిపించండి. ఈసారి పెయింట్ నీళ్లతో కలిపే రకం తీసుకోండి, నూనె రకమే కావాలంటే పెయింటర్ గారు టీకి వెళ్లేటప్పుడు థిన్నర్ డబ్బాకి మూత పెట్టమని మాత్రం గట్టిగా చెప్పండి.