బొమ్మల యుద్ధానికి గోడలు కడుతుంటే దగ్గు... మానేయాల్సిందేనా?

ప్రశ్న: నా వయసు 43. మాది పాలకొల్లు. పొగతాగే అలవాటు లేదు. నేనూ, పన్నెండేళ్ల మా అబ్బాయీ చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద వార్‌గేమ్స్ ఆడతాం. బల్ల మీద అక్కడక్కడా పెట్టే విరిగిన గోడలు, పీపాలు, రాళ్లగుట్టలు, అంటే స్కాటర్ టెరైన్, థర్మకోల్‌తోనూ ఫోమ్ షీట్లతోనూ నేనే చేసి రంగులేస్తాను. వానలు మొదలయ్యాక ఆ పని చేసిన రాత్రల్లా పొడిదగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, తలనొప్పి. నెల దాటింది. రంగులు పడట్లేదు, మానేయమని ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: మానేయక్కర్లేదు. ఇంట్లోవాళ్లు రంగుల్ని అనుమానిస్తున్నారు గానీ బ్రష్‌తో వేసే యాక్రిలిక్ రంగులు నీళ్లతో కలిపేవి, వాటితో ఛాతీ పట్టేయడం అరుదు. నా అనుమానమంతా రంగుకు ముందు కొట్టే స్ప్రే ప్రైమర్ మీద, ఫోమ్ కోసే వేడి తీగ మీద. వానలు మొదలయ్యాకే అని మీరే రాశారు. ఎండాకాలం డాబా మీద కొట్టిన స్ప్రేని, ముసురు పట్టాక చెమ్మకి పూత పాడవుతుందని గదిలోకి తెచ్చి తలుపులు వేసుకుని ఉంటారు.

స్ప్రేని నేరుగా థర్మకోల్ మీద కొడితే అది గుంటలు పడి కరిగిపోవడం మీరు చూసే ఉంటారు. డబ్బాలోని అసిటోన్, టోలుయీన్, జైలీన్ లాంటి ద్రావకాల పని అది. మూసిన గదిలో ఆ ఆవిర్లే మీ గొంతులోకీ, శ్వాసనాళాల్లోకీ పోతున్నాయి. తలనొప్పి కూడా వాటి వల్ల రావచ్చు. తీగ మరీ వేడెక్కి ఫోమ్ నుంచి పొగ లేస్తే అందులో స్టైరీన్ అనే హానికర రసాయనం ఉంటుంది. పొగ కనబడిందంటే వేడి ఎక్కువైందని, తగ్గించండి.

ఈ రెండు పనులూ వాన తెరిపిచ్చినప్పుడు ఆరుబయటే చేయండి. థర్మకోల్‌కైతే స్ప్రే ఎందుకు? ఫెవికాల్‌లో నల్లరంగు కలిపి బ్రష్‌తో ఒక పూత వేస్తే సరిపోతుంది. ఎన్95 మాస్క్ దుమ్మును ఆపుతుంది గానీ ఆవిర్లను ఆపదు. స్ప్రే తప్పదనుకుంటే ద్రావకాల ఆవిర్లను పట్టే ఫిల్టర్, అంటే ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్, ఉన్న మాస్క్ కొనుక్కోండి. ఆ డబ్బాలో గ్యాస్ మండుతుంది కాబట్టి పొయ్యి దగ్గరా, దీపం వెలిగించిన దేవుడి గది దగ్గరా అస్సలు కొట్టొద్దు.

ఇంత చెప్పినా, పరీక్షలు వాయిదా వేయకండి. రాత్రిపూట దగ్గు, ఛాతీ బిగుతు ఆస్తమా తొలి లక్షణాలు కావచ్చు. పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల డాక్టరును) కలిసి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష, చేయించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే కళ్లె పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. టీబీ ఉందని కాదు, లేదని తేల్చుకోవడానికి. పిల్లికూతలు, ఆయాసం వచ్చినా, కళ్లెలో రక్తం కనిపించినా ఆ రోజే వెళ్లండి.

తలనొప్పి పని చేస్తుండగానే నుదుటి మీద మొదలవుతోందా? అయితే చత్వారం కూడా కారణం కావచ్చు, మీ వయసుకి మామూలే. కళ్లద్దాల నంబరు చూపించుకోండి. 20 నిమిషాలకోసారి తలెత్తి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి.

గడ్డికోసం కొబ్బరిపీచు, నేలకోసం గోదావరి ఇసుక వాడుతుంటే ఇంకో మాట. మన దగ్గర చెమ్మకి పీచు ఇట్టే బూజు పడుతుంది, ఆ బూజూ దగ్గు తెప్పిస్తుంది. బాగా ఎండాక మూతున్న డబ్బాలో పెట్టండి, వాసనొస్తే పారేయండి. జిగురుకి అంటని ఇసుకను నోటితో ఊదకండి, తడి బ్రష్‌తో తుడవండి. బ్రష్ మొన కోసం నాలుకతో తడిపే అలవాటుంటే అదీ మానాలి, కొన్ని రంగుల్లో కాడ్మియం అనే విషలోహం ఉంటుంది.

అబ్బాయిని దూరం పెట్టక్కర్లేదు. బ్రష్ పని వాడికివ్వండి. స్ప్రే, వేడి తీగ మాత్రం మీరే చూసుకోండి, వాడు ఆ దరిదాపుల్లో లేనప్పుడు.