ఆవు చూడి కట్టి ఎన్నాళ్లయింది?

ప్రశ్న: అక్కా, పలమనేరు దగ్గర మా ఊరి పాడి రైతుల కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. ఆవుకు చూడి కట్టడానికి సూది వేయించిన తేదీ ఇస్తే ఎన్నాళ్లయిందో తెలుగులో చూపాలి. రోజుల్ని 30తో భాగిస్తున్నాను. "1 నెలలు 0 రోజులు క్రితం" అని వస్తోంది. మా నాయన వేళ్ల మీద వేసే లెక్కతోనూ కలవడం లేదు. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: తమ్ముడూ, మీ నాయన లెక్కే కరెక్టు. 2025 జనవరి 10న సూది వేయించారనుకో. అక్టోబరు 17కి 280 రోజులు, అంటే ఆవు ఈనే వేళ. నీ భాగహారం 9 నెలల 10 రోజులంటుంది. మీ నాయన మాత్రం అక్టోబరు 10కి తొమ్మిది నెలలు నిండాయి, ఆపైన వారం అంటాడు. పైథాన్‌లో ఒక తేదీలోంచి ఇంకోటి తీసివేస్తే వచ్చే టైమ్‌డెల్టాలో రోజులు, సెకన్లు, మైక్రోసెకన్లే ఉంటాయి, నెలలుండవు. డేట్‌యుటిల్ లైబ్రరీలోని రిలేటివ్‌డెల్టా వాడు. ఏళ్లు, నెలలు, రోజులు విడివిడిగా ఇస్తుంది. ఈనే తేదీ అంచనా మాత్రం రోజుల లెక్కతోనే వెయ్యి.

ఇక మాటలు. నాకు అసలు పట్టింపు ఇక్కడే. ఇంగ్లిష్‌లో చివర ఎస్ తగిలిస్తే చాలావరకు పనైపోతుంది. మనకలా కాదు. సంవత్సరం సంవత్సరాలవుతుంది, వెనక ఇంకో మాటొస్తే సంవత్సరాల అవుతుంది. అందుకే ఒక్కోదానికి మూడేసి రూపాలు పైథాన్ డిక్షనరీలో (పేరుకు విలువను జతచేసి దాచే పట్టికలో) రాసి పెట్టుకో: రోజు, రోజులు, రోజుల. "7 నెలల 12 రోజులు" అన్నప్పుడు చివరి మాటకే "లు". "క్రితం" చేరిందంటే అదీ మారి "7 నెలల 12 రోజుల క్రితం" అవుతుంది. ఒకటైతే ఏకవచనం: "1 నెల 3 రోజులు". సున్నా వచ్చిన భాగాన్ని చూపనే చూపకు. తిరుపతిలో మా ఇంటి వెనక అమ్మ రెండావుల్ని మేపేది. రోజులేవీ మిగలకపోతే "సరిగ్గా రెండు నెలలు" అనేది. స్క్రీన్ మీదా ఆ మాటే రావాలి.

ఇంకోటి. సాయంత్రం ఆరుకు సూది వేయించి తెల్లారి ఎనిమిదికి చూస్తే గడిచింది 14 గంటలే, ప్రోగ్రాం సున్నా రోజులంటుంది. రైతుకు అది నిన్న. గంటలు వదిలేసి ఉత్త తేదీలనే తీసివెయ్యి. తేడా 1 అయితే "నిన్న", 2 అయితే "మొన్న" అని చూపు. రేపు దీన్ని బ్రౌజర్‌లో పెట్టాలనుకుంటే, జావాస్క్రిప్ట్‌లో ఇంటిల్ రిలేటివ్‌టైమ్‌ఫార్మాట్ (Intl.RelativeTimeFormat) అనే సదుపాయం ఉంది. భాష తెలుగు, న్యూమరిక్ ఆటో అని ఇస్తే నిన్న, మొన్న, ఎల్లుండి అదే రాస్తుంది. కాకపోతే ఒకసారికి ఒక్క కొలతే ఇస్తుంది. నెలలూ రోజులూ కలిపి చూపాలంటే అక్కడా నీ డిక్షనరీయే కావాలి.