ఇంట్లో చూసిన సినిమా గురించి నాలుగు మాటలు: ఓ యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు.

నువ్వు పంపిన ఐదు సినిమాల అభిప్రాయాలూ రెండేసి సార్లు చదివాను. నీ వాక్యం ఎక్కడా తడబడటం లేదు, చదివించే గుణం ఉంది. లోటల్లా ఒకటే. సినిమా పేర్లు తీసేస్తే ఏది దేని గురించి రాశావో చెప్పలేం. "నేచురల్‌గా ఉంది, బీజీఎం బాగుంది, సెకండాఫ్ కాస్త ల్యాగ్, ఒకసారి చూడొచ్చు" అన్న మాటలు ఏ సినిమాకైనా అతుకుతాయి. నువ్వు రాసింది ఆ ఒక్క సినిమాకే అతకాలి. ఇంకోదానికి అంటించబోతే ఊడి రావాలి.

ముందు చదివే మనిషిని కళ్ల ముందు పెట్టుకో. రాత్రి తొమ్మిదిన్నర అయింది, భోజనాలయ్యాయి, రిమోట్ చేతిలో ఉంది, ఏం చూడాలో తేలడం లేదు. ఆ మనిషికి కావలసింది: ఎంతసేపు ఉంటుంది, ఇంట్లో ఎవరెవరితో కూర్చుని చూడొచ్చు, ఎక్కడ ఓపిక పట్టాలి, పట్టినందుకు ఏం దక్కుతుంది. ఇవన్నీ చెప్పడానికి ఒక్కో సినిమాకి 120 నుంచి 150 మాటలు చాలు. నువ్వు నాలుగు వందలు రాశావు, అందులో మూడు వందలు కథే. కథకి రెండు వాక్యాలు ఇవ్వు, అవి మొదటి ఇరవై నిమిషాలు దాటకూడదు. ముఖ్యంగా ఇంటర్వెల్ మలుపు జోలికి పోకు. మన సినిమాల్లో చాలావాటి బరువంతా అక్కడే ఉంటుంది. "ఇంటర్వెల్‌లో ఓ ట్విస్ట్ ఉంది" అని రాసినా సగం చెప్పేసినట్టే, ఎందుకంటే చదివినవాళ్లు అప్పటిదాకా దానికోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు.

చూసేటప్పుడు పక్కన చిన్న కాగితం, పెన్సిల్ పెట్టుకో. ఫోన్ వద్దు, అది చేతిలోకి వస్తే కళ్లు తెర మీద నిలవవు. ప్లేయర్‌లో కనిపించే నిమిషం, దాని పక్కన నాలుగు ముక్కలు: "42, తండ్రి గుమ్మం దాటి లోపలికి రాలేదు." అంతే. రెండు గంటల సినిమాకి ఆరేడు గుర్తులు సరిపోతాయి. పదిహేను దాటాయంటే నువ్వు సినిమా వదిలేసి పద్దు రాస్తున్నావని అర్థం. రాసుకోవడానికి పాజ్ చేయకు, వంకరగా పడ్డా పర్వాలేదు. అయిపోయిన పావుగంటలో, ఎవరి అభిప్రాయమూ చదవకముందే చిత్తుప్రతి రాసెయ్. మర్నాడు పొద్దున్న దాన్ని తీసి, కాగితం చూడకుండా ఇంకా ఏయే దృశ్యాలు గుర్తున్నాయో చూడు. గుర్తున్న వాటితోనే అసలు ప్రతి రాయి.

"ల్యాగ్" అన్న మాటను ఓ ఆర్నెల్లు పక్కన పెట్టమని అడుగుతున్నాను. జ్వరం అన్నట్టే అదీ లక్షణం మాత్రమే, కారణం వేరే ఉంటుంది. సాగినట్టు అనిపించిన దృశ్యం పూర్తయ్యాక ఓ ప్రశ్న వేసుకో: ఈ దృశ్యానికి ముందు తెలియనిది ఇప్పుడు నాకేం తెలిసింది? ఏమీ లేదంటే తెలిసిన సంగతే మళ్లీ చెప్పారన్నమాట. కొత్త సంగతి ఉండి కూడా సాగిందంటే దృశ్యం త్వరగా మొదలై ఉంటుంది, లేదా చెప్పాల్సింది చెప్పేశాక కూడా ఆగకుండా నడిచి ఉంటుంది. హీరోకి ఆ క్షణాన ఏం కావాలో మనకి తెలియకపోతే ఎంత వేగంగా నడిచినా సాగినట్టే ఉంటుంది. తెలుగు సినిమాకి ఇంకో కారణం కూడా ఉంది. థియేటర్లో విశ్రాంతి అయ్యాక జనం ఓ పట్టాన సీట్లలోకి రారు కాబట్టి సెకండాఫ్ మొదటి ఐదారు నిమిషాల్లో చాలామంది దర్శకులు తేలికైన సన్నివేశమో పాటో పెడతారు. ఇంట్లో విరామం లేకుండా చూసే మనకి అది గతుకులా తగులుతుంది. ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకుని రాస్తే "70వ నిమిషం నుంచి 85 దాకా మనకి తెలిసిన రహస్యాన్నే ముగ్గురికి విడివిడిగా చెబుతారు" అన్న వాక్యం వస్తుంది. అది చదివినవాడు ఆ పావుగంట ఓపిక పట్టాలా వద్దా అన్నది తనే నిర్ణయించుకుంటాడు.

నటన గురించి రాయాలంటే మాట్లాడేవాళ్ల మీద నుంచి చూపు తీసి వినేవాళ్ల మీద పెట్టు. డైలాగు చెప్పడానికి మాటల రచయిత సాయం ఉంటుంది, వినడానికి నటుడికి ఎవరి సాయమూ ఉండదు. గొంతును మెచ్చుకునే ముందు మాత్రం డబ్బింగ్ ఎవరు చెప్పారో టైటిల్స్‌లో చూడు. తెరమీద ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావడం మన దగ్గర మామూలే. "నేచురల్" అనాలనిపించినప్పుడు దానికి ఆధారం చూపించు. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం"లో విశాఖలోని ఆ పేటవాళ్లే ఎక్కువ పాత్రలు వేశారు. ఈ సంగతి ఒక్క ముక్కలో చెప్పి, ఆ యాస ఏ మాట దగ్గర నీ చెవిన పడిందో రాస్తే "నేచురల్" అన్న మాట అవసరమే పడదు.

ఇంట్లో చూసిన సినిమా కాబట్టి ఇంటి సంగతి కూడా తేల్చుకోవాలి. చాలామంది కొత్తవాళ్లు టీవీ తప్పుని కెమెరామన్ మీద వేస్తారు. సినిమా సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. కొత్త టీవీలు మధ్యలో లేని ఫ్రేములు తామే కల్పించి చూపిస్తాయి, దాంతో ఖరీదైన సినిమా కూడా సీరియల్‌లా నున్నగా జారుతూ కనిపిస్తుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అన్న పేర్లతో ఉండేది ఇదే. దాన్ని ఆపేసి, పిక్చర్ మోడ్‌ని "వివిడ్" నుంచి "సినిమా"కో "ఫిల్మ్‌మేకర్"కో మార్చి, అప్పుడు ఫొటోగ్రఫీ గురించి రాయి. పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయని జూమ్ నొక్కకు. వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లుండే (2.39:1) స్కోప్ సినిమా, వెడల్పు 16 పాళ్లూ ఎత్తు 9 పాళ్లూ ఉండే (16:9) టీవీ ఎత్తులో ముప్పావు వంతే ఆక్రమిస్తుంది. జూమ్ చేసి తెర నింపితే ఇటూ అటూ దాదాపు ఎనిమిదో వంతు చొప్పున బొమ్మ పోతుంది. ఫ్రేము అంచున నిలబెట్టిన మనిషి మాయమైపోయాక "ఫ్రేమింగ్ ఇరుకుగా ఉంది" అని రాస్తే అది అన్యాయం.

శబ్దం సంగతీ ఇంతే. శబ్దాన్ని ఆరు దారులుగా విడదీసి వేర్వేరు స్పీకర్లకి పంపే 5.1 మిక్స్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ నుంచి వస్తాయి. రెండే స్పీకర్లున్న టీవీ ఆ ఆరు దారుల్నీ రెండింట్లోకి కుదిస్తే మాటలు అణిగిపోయి ఫైట్లు, పాటలు మీద పడతాయి. ఆడియోలో స్టీరియో ట్రాక్ ఉంటే దానికి మార్చు, లేకపోతే ఓ ఐదు నిమిషాలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అదే దృశ్యం విను. అప్పటికీ మాట తెలియకపోతే రాయి.

ఏ ప్రతి చూశావో కూడా చెప్పాలి. "మాయాబజార్" 1957 నాటి నలుపు తెలుపు సినిమా. 2010లో రంగులద్ది, పాత చట్రాన్ని సినిమాస్కోప్‌కి మార్చి మళ్లీ విడుదల చేశారు. వెన్నెల్లో పడవ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగు గురించి రాయాలంటే నలుపు తెలుపు ప్రతి చూసి తీరాలి, ఆ వెన్నెల నలుపు తెలుపుల కోసమే పుట్టింది. టీవీ ఛానెల్లో వచ్చిందైతే కత్తిరింపులు ఉండొచ్చు, ఎందుకంటే "ఎ" సర్టిఫికెట్ సినిమాని ఉన్నది ఉన్నట్టు ప్రసారం చేయరు. ఛానెల్లో చూసి "క్లైమాక్స్ హడావిడిగా ముగించారు" అనడానికి ముందు పూర్తి ప్రతి దొరుకుతుందేమో వెతుకు.

ఒకటింపావు వేగంతో చూసిన సినిమా నడక గురించి మాట్లాడకు. మూడు రాత్రులు ముక్కలుగా చూస్తే ఆ మాట రాసెయ్, ఎక్కడ ఆపావో కూడా రాయి. ఆపిన చోట్లు కూడా సినిమా గురించి కొంత చెబుతాయి. నిద్రొచ్చి ఆపావా, విసుగొచ్చి ఆపావా అన్నది నువ్వే తేల్చుకోవాలి. మధ్యలో వదిలేసిన సినిమా గురించి రాయకూడదని ఏమీ లేదు. "50వ నిమిషం దగ్గర వదిలేశాను" అని చెప్పి ఆ యాభై నిమిషాల వరకే తీర్పు చెప్పు.

మలయాళం, కొరియన్ సినిమాలు తెలుగు డబ్బింగ్‌లో చూశావో, సబ్‌టైటిల్స్‌తో చూశావో చెప్పడం మరిచిపోకు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో "నువ్వు", "మీరు" రెండూ ఒకటే అయిపోతాయి కాబట్టి ఇద్దరి మధ్య చనువు ఎప్పుడు పెరిగిందో, గౌరవం ఎప్పుడు తగ్గిందో వాటితో తెలియదు. రీమేక్ అయితే ఏది ముందు చూశావో రాయి. 2020లో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన "ఉమామహేశ్వర ఉగ్రరూపస్య" 2016 నాటి మలయాళ సినిమాకి రీమేక్. ఇడుక్కి కొండల కథని అరకు లోయకి తెచ్చారు. ముందు మలయాళం చూసినవాళ్లు పోలికలు వెతుక్కుంటారు, చూడనివాళ్లు అరకుని చూస్తారు. రెండు అభిప్రాయాలూ సరైనవే, కానీ నీది ఏదో చదివేవాళ్లకి తెలియాలి.

పేర్ల దగ్గర నువ్వు రెండు చోట్ల తప్పులు చేశావు. ఓటీటీలో చివరి టైటిల్స్ మొదలవగానే తర్వాతి సినిమా దూకుతుంది. దాన్ని ఆపి టైటిల్స్ చివరిదాకా చూడు. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు వేర్వేరు మనుషులవి కావచ్చు. పాటలకీ నేపథ్య సంగీతానికీ వేర్వేరు పేర్లు ఉండొచ్చు. 1980లో వచ్చిన "శంకరాభరణం" చూసి "బ్రోచేవారెవరురా" వేటూరి ఎంత బాగా రాశారో అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మైసూరు వాసుదేవాచార్య కీర్తన. "మానస సంచరరే" సదాశివ బ్రహ్మేంద్రులది, "పలుకే బంగారమాయెనా" భద్రాచల రామదాసుది. ఆ సినిమాకి వేటూరి రాసిన పాటలు వేరే ఉన్నాయి, మెచ్చుకోవాలంటే వాటిని మెచ్చుకోవాలి.

ఇంటిల్లిపాదీ చూడొచ్చా అన్నదానికి "క్లీన్ ఎంటర్‌టైనర్" చాలదు. 2021 నుంచి ఓటీటీల్లో యు/ఎ 7+, 13+, 16+ అని వయసు చూపిస్తున్నారు. అది రాసి, ఆ వయసు ఎందుకు పెట్టారో నువ్వు చూసిన మాటలో చెప్పు: నెత్తురు ఎంత కనిపిస్తుంది, బూతు ఎన్నిసార్లు వినిపిస్తుంది, నానమ్మ పక్కన ఉంటే ఏ దృశ్యం దగ్గర ఇబ్బంది పడతారు.

పొగడ్త మాటలేవీ లేకుండా ఎలా రాయొచ్చో ఓ మచ్చు చూడు. "సినిమా బండి (2021), నెట్‌ఫ్లిక్స్. ఆటో నడిపే వీరబాబుకి బండిలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. ఊళ్లో పెళ్లిళ్లకి ఫొటోలు తీసే గణపతిని వెంటేసుకుని సినిమా తీసేస్తానంటాడు. వచ్చిన డబ్బుతో ఊరు బాగుపడాలని అతని ఆశ. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దు యాస, చెవి అలవాటు పడటానికి పది నిమిషాలు పడుతుంది. రెండు గంటల లోపే అయిపోతుంది. షూటింగ్ చూడటానికి చేరిన ఊరివాళ్ల మీదే నా చూపు ఎక్కువసేపు నిలిచింది." దీన్ని వేరే సినిమాకి అతికించి చూడు.

ఒకేసారి మూడు నాలుగు సినిమాల గురించి రాస్తే చూసిన తేదీల వరసలో పెట్టకు. ఎక్కువ చెప్పాల్సింది ముందు ఉండాలి, దానికి రెండు పేరాలైనా పర్లేదు. చెప్పడానికి ఒక్క వాక్యమే ఉన్న సినిమాకి ఒక్క వాక్యమే ఇవ్వు. అన్నిటికీ సమానంగా పంచితే ఏదీ నీకు గట్టిగా తగల్లేదని తెలిసిపోతుంది. రేటింగులు మానెయ్. రెండున్నరకీ రెండుముప్పావుకీ తేడా నువ్వు వివరించలేవు. "ఈ రాత్రికే", "ఆదివారం మధ్యాహ్నానికి", "నాకు నచ్చలేదు, కానీ ఫలానా రకం ఇష్టమైతే చూడండి", ఇలాంటి మాటలు ఎక్కువ పనికొస్తాయి.

నీ ఐదింటిలో మూడోది మళ్లీ రాసి పంపు. అందులో తల్లి వంటింట్లోంచి బయటికి రాకుండానే మాట్లాడుతుందని చివర్లో ఓ వాక్యం రాసి వదిలేశావు. అది నువ్వు నిజంగా చూసిన సంగతి. దాన్ని మొదటి వాక్యం చేసి, అక్కడి నుంచి 150 మాటల్లో ముగించు. వచ్చే ఆదివారంలోగా అందితే అంచుల్లో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి