లౌకికమా, మతనిరపేక్షమా?

సందేహం: రాజ్యాంగ పీఠిక తెలుగులో ‘లౌకిక’ అని ఉంది. లౌకికుడంటే లోకం పోకడ తెలిసినవాడు కదండీ! మతానికీ ప్రభుత్వానికీ మధ్య ఉండాల్సిన ఎడాన్ని ఈ మాట చెప్పగలదా? ‘మతనిరపేక్ష’ అంటే మేలు కాదా?

సమాధానం: ‘లౌకిక’కు వ్యుత్పత్తి మీకు తెలిసిందే. నేను ‘లోకం’ దగ్గర ఆగుతాను. లోకమంటే భూమి అనో జనం అనో అనుకుంటాం. ధాతువు ‘లోకృ’, చూడటం. కంటికి ఆనేది లోకం. అవలోకనం, విలోకనం ఆ కుదురువే. దీన్ని పోతన చూపినట్టు ఏ నిఘంటువూ చూపలేదు. గజేంద్రుడి మొరలో ‘లోకంబులు లోకేశులు లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెంజీకటి కవ్వల’ అంటాడు. ఆ ‘అలోకం’ చూడండి. లోకం లేకపోవడమని సరిపెట్టుకోకండి, అది చూపు ఆననిది. అందుకే పక్కనే పెంజీకటి వచ్చింది. దేవుడు ఆ చీకటికి అవతల. ఇవతల, కనబడేంత మేర లోకం. ఆ మేరలో జరిగే వ్యవహారం లౌకికం.

పతంజలి కూడా తన వ్యాకరణ గ్రంథం మహాభాష్యం మొదట్లోనే ‘లౌకికానాం వైదికానాం చ’ (లోకంలోని మాటలకూ వేదంలోని మాటలకూ) అన్నాడు. లౌకికం వైదికానికి జోడు, పగ కాదు. ఈమధ్య లౌకికవాది అంటే నాస్తికుడని రాసేస్తున్నారు. ఒక్కసారి నిఘంటువు తిరగేస్తే పోయేదానికి ఇంత అలసత్వమా! లౌక్యం సంగతి వేరు, దాన్ని ఇక్కడికి లాగొద్దు.

సెక్యులర్ అన్న మాట పీఠికలోకి 1976లో 42వ సవరణతో వచ్చింది. రాజ్యాంగం 25(2)(ఎ) అధికరణంలో మాత్రం మొదటి నుంచీ ఉంది. మతాచారంతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ, ఇతర లౌకిక కార్యకలాపాలను ప్రభుత్వం చట్టం చేసి నియంత్రించవచ్చని అక్కడి మాట. గుళ్లో అర్చన మతం. హుండీ లెక్క, మాన్యం కౌలు లౌకికం. పోతన లోకం ఇక్కడ అచ్చంగా అతుకుతుంది.

చిక్కంతా పీఠికలోనే. అక్కడిది రాజ్యానికి విశేషణం. ఆ లెక్కన ఏ రాజ్యం లౌకికం కాదు? మీ ఇబ్బంది అదే అయితే ఒప్పుకుంటాను. హిందీ పాఠంలో ‘పంథనిరపేక్ష’ అన్నారు. అపేక్షలోనూ చూపే ఉంది, ధాతువు ‘ఈక్ష’. నిరపేక్షమంటే ఆ వంక చూడనిది. ఒక మతాన్ని పోషించడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న 27వ అధికరణానికి ఇది బాగా కుదురుతుంది. కానీ హిందూ దేవాలయాలను అన్ని వర్గాలకూ తెరిపించే చట్టానికి 25(2)(బి) చోటిచ్చింది. అది ఆ వంక చూడకపోవడం ఎలా అవుతుంది?

పీఠికను ఉదహరిస్తే ‘లౌకిక’ అనే రాయండి. పన్నులు, బడుల సంగతి రాసేటప్పుడు ‘మతనిరపేక్ష’ అన్నా నాకు పేచీ లేదు. ‘లౌకికవాద రాజ్యం’ మాత్రం వద్దు. పీఠికలో ‘వాద’ చేరింది సామ్యానికే.