పాత హార్మోనియానికి కొత్త రీడ్లు వేయించాలా?

ప్రశ్న: మా తాతగారు పద్యనాటకాలకు వాయించిన హార్మోనియం ఇంట్లో ఉంది. నాలుగైదు రీడ్లు పలకడం లేదు. అన్నీ మార్పించి, మెట్లు కొత్తవి వేయించి, పాలిష్ కొట్టిద్దామని మావారు అంటున్నారు. అమెరికా మ్యూజియంలో మొట్టమొదటి పియానోను కూడా అలాగే బాగు చేసి మోగిస్తున్నారట కదా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తొందరపడకండమ్మా. మీరన్నది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని 1720 నాటి పియానో. మొట్టమొదటిది కాదు గానీ, ఇప్పటికి మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఆ ఊరి పాలకులైన మెదిచీల కొలువులో ఉన్న బార్తొలోమియో క్రిస్టోఫొరి చేశాడు. అంతకుముందున్న హార్ప్‌సికార్డ్ అనే మెట్ల వాద్యంలో ఈక ముక్క తీగను మీటేది. మెట్టు మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే మోత. ఈయన ఈక తీసేసి చిన్న సుత్తి పెట్టాడు. వేలు మెట్టు మీదే ఉన్నా సరే, సుత్తి తీగను కొట్టిన వెంటనే కిందికి జారిపోతుంది. జారకపోతే తీగ నోరు నొక్కినట్టే. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఆ జారడంలోనే ఉంది.

1938లో బాగు చేసినప్పుడు ఆ పియానో నాదపలక మార్చేశారు. తీగ కదలికను నిండు నాదంగా మార్చేది ఆ పలకే. కాబట్టి ఈరోజు మోగేది క్రిస్టోఫొరి విన్న నాదం కాదు. తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ఆయన పియానోలు ఇంకా రెండే మిగిలాయి. రోమ్‌లోని 1722 నాటిది పురుగు తిని మోగదు. జర్మనీ లైప్‌జిగ్‌లోని 1726 నాటిదాన్ని ఇప్పుడు వాయించడం లేదు. మోగకపోయినా అవి పనికొస్తున్నాయి. కాగితాన్ని చుట్ట చుట్టి, జిగురుతో అతికి, పైన తోలు ముక్క వేస్తే సుత్తి తల అయ్యేదని మనకు తెలిసింది అలా మిగిలినవాటి వల్లే.

ఇక మీ పెట్టె. విజయవాడలో నా బల్ల మీదికి వచ్చేవాటిలో పలకని రీడ్ (గాలికి అదిరి మోగే ఇత్తడి నాలుక) చాలావరకు దుమ్ముతో బిగుసుకున్నదే. మెత్తటి బ్రష్‌తో దులిపి, నాలుక కింద పల్చటి కాగితం జరిపితే పలుకుతుంది. శ్రుతి కోసం రీడ్ గీకుతామంటే మాత్రం ఒప్పుకోకండి, గీకిన ఇత్తడి తిరిగి రాదు. తిత్తి చిరిగితే నిరభ్యంతరంగా మార్పించండి.

మెట్ల జోలికి అసలు పోవద్దు. నాటకాల పెట్టెల్లో కొన్ని మెట్లే బాగా అరిగి పల్లం పడతాయి. మీ తాతగారు పద్యాలకు ఏ శ్రుతి ఎక్కువగా ఇచ్చేవారో ఆ అరుగుదలే చెబుతుంది. విరిగిన రీడ్ మార్చక తప్పకపోతే, పాతదాన్ని చిన్న కవర్‌లో వేసి, ఏ స్వరమో దానిమీద రాసి, పెట్టెతోపాటే దాచండి. కిటికీ పక్కన మాత్రం పెట్టకండి. మన గుంటూరు ఎండకు చెక్క పగులుతుంది.