జుట్టు దేవుడికి ఇచ్చామని పాపకు చెప్పమంటారా?

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా పాపకు ఎనిమిదేళ్లు. జ్వరం ఎంతకీ తగ్గక, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు వస్తే పరీక్షలు చేయించాం. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అన్నారు. విశాఖపట్నంలో కీమో మందులు మొదలుపెట్టారు. ఇంకో వారం పది రోజుల్లో జుట్టు ఊడిపోతుందని డాక్టరు గారు మాతో చెప్పారు. పాపకు ఇంకా తెలియదు. దానికి నడుం దాకా జుట్టండి. ఈ వేసవికి మల్లెపూల జడ వేసి ఫొటో తీయించమని ఎప్పటి నుంచో అడుగుతోంది. మా అత్తగారేమో ‘వాడపల్లి వెంకన్నకు మొక్కుకున్నాను, గుండు చేయించి దేవుడికి ఇచ్చేశామని చెబుదాం, పిల్ల బాధపడదు’ అంటున్నారు. మా ఆయన ఇంట్లో అద్దాలు తీసేసి, తనూ గుండు చేయించుకుంటానంటున్నారు. నాకేమీ పాలుపోవడం లేదు. దానికి చెప్పాలా వద్దా? రేపు బడికి ఎలా పంపాలి?
– ఒక తల్లి

జవాబు: చెప్పండమ్మా. ఊడటం మొదలు కాకముందే, ఈ రెండు మూడు రోజుల్లోనే చెప్పండి.

పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసి రిటైరైన దాన్ని. ముందే తెలిసిన పిల్లలు ఏడుస్తారు, అలుగుతారు, తర్వాత నెమ్మదిగా సర్దుకుంటారు. ఏమీ తెలియకుండా నిద్ర లేచి దిండు మీద జుట్టు చూసుకున్న పిల్ల భయం వేరు. అది లాగితే వచ్చే జుట్టు కాదు. వేళ్లు పోనిస్తే చాలు, నొప్పి కూడా లేకుండా గుప్పెడు గుప్పెడు చేతిలోకి వచ్చేస్తుంది. నొప్పి లేకపోవడమే వాళ్లను ఇంకా భయపెడుతుంది. తనకేదో అయిపోతోందని, పెద్దవాళ్లు దాస్తున్నారని అనుకుంటుంది. ఆ తర్వాత మీరు ఏం చెప్పినా అనుమానంగానే చూస్తుంది.

చెప్పేటప్పుడు పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. మీది వరి పండే ఊరు. చేలో కలుపు మందు గట్టిగా కొడితే పక్కనున్న లేత మొక్క కూడా వాడిపోవడం పాప చూసే ఉంటుంది. ఈ మందు కూడా గబగబా పెరిగే కణాలను చంపుతుంది. జబ్బు కణాలు అలాంటివే, జుట్టు కుదుళ్లలోవీ అలాంటివే. అందుకే జుట్టు ఊడుతుంది, కుదుళ్లు మళ్లీ కోలుకుంటాయి, మళ్లీ వస్తుంది. ఇంత చెబితే చాలు. ఒక్క మాట మాత్రం మర్చిపోకండి: ‘నువ్వు చేసిన తప్పేం లేదు.’ ఈ వయసు పిల్లలు అన్నం తినకపోవడం వల్లో, అమ్మ మాట వినకపోవడం వల్లో తమకిలా అయిందని లోపల్లోపల అనుకుంటారు. పైకి చెప్పరు.

మీ అత్తగారిది ప్రేమే. ఆవిణ్ణి కసురుకోకండి. కానీ దేవుడికి ఇచ్చామనే మాట నిలబడదు. గుండు అందరికీ తెలిసిందే, ఒకసారి తీస్తారు, వెంటనే మొలుస్తుంది. కీమోలో జుట్టు అక్కడక్కడా కుచ్చులుగా రాలుతుంది. కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా పోవచ్చు. మధ్యలో కాస్త మొలిచి, మందులు మారినప్పుడు మళ్లీ ఊడచ్చు. ‘కనుబొమలు కూడా దేవుడికే ఇచ్చామా?’ అని పాప అడిగితే ఏం చెబుతారు? ‘నా జుట్టంతా ఇచ్చేశాను కదా, మరి నాకెందుకు తగ్గలేదు’ అని ఆ పసిదానికి దేవుడి మీదే కోపం వస్తే?

మొక్కు మొక్కే, తీర్చుకోండి. ఇప్పుడు మాత్రం కాదు. వాడపల్లిలో శనివారం జనం ఎలా ఉంటారో మీకు నేను చెప్పాలా! జబ్బులతో పోరాడే తెల్ల కణాల కౌంట్ పడిపోయిన పిల్లను ఆ రద్దీలోకి తీసుకెళ్లకూడదు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు కత్తి చిన్నగా గీసుకున్నా రక్తం ఓ పట్టాన ఆగదు. చికిత్స అయ్యాక, డాక్టరు సరేనన్నాక, కొత్తగా వచ్చిన జుట్టే స్వామికి ఇవ్వచ్చు. అందాకా ఆగలేమంటే మీ ఆయన వెళ్లి తన తలనీలాలు ఇచ్చి రావచ్చు.

ఆయన గుండు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ముందు పాపను అడగండి. ‘నాన్న కూడా నాలాగే’ అని సంబరపడే పిల్లలున్నారు. ‘నా వల్లే నాన్నకూ పోయింది’ అని కుమిలిపోయేవాళ్లూ ఉన్నారు. పైగా మన ఊళ్లల్లో మగవాడు ఉన్నట్టుండి గుండుతో కనిపిస్తే ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారు. ఆ ప్రశ్న పాప చెవిన పడకూడదు.

పూలజడ విషయం చదివి మనసు కలుక్కుమంది. ఫొటో తీయించండి, కానీ పద్ధతి మార్చండి. జుట్టు ఊడే ముందు కొందరికి మాడు సలుపుతుంది, ముట్టుకుంటేనే నొప్పి. అలాంటప్పుడు బిగించి జడ అల్లి, సూదీ దారంతో మల్లెమొగ్గలు కుట్టి, ఆ బరువు మోయించడం కష్టం. కౌంట్ తక్కువగా ఉన్న పిల్లల దగ్గర తాజా పూలు ఉంచొద్దని చాలా వార్డుల్లో చెబుతారు. గుడ్డపూలతో చేసిన రెడీమేడ్ పూలజడ దొరుకుతుంది. వదులుగా అల్లిన జడకు దాన్ని పైపైన కట్టి, పట్టు పరికిణీ వేసి, ఇంట్లోనే ఫోన్‌లో తీయండి. స్టూడియోకి వద్దు.

ఆ తర్వాత జుట్టు ఏం చేయాలన్నది పాపనే తేల్చుకోనివ్వండి. ఇప్పుడు దాని చేతిలో ఉన్నవి చాలా తక్కువ. సూది వద్దనడానికి లేదు, మాత్ర వద్దనడానికి లేదు. ఇదొక్కటైనా దాని ఇష్టం. ముందు భుజాల దాకా కత్తిరించి చూద్దామా, ఒకేసారి తీసేద్దామా, అసలు ముట్టుకోవద్దా అని అడగండి. కత్తిరించిన జడ దాచుకుంటానంటే రిబ్బను కట్టి కవరులో పెట్టివ్వండి. ఒక పాప ముందు వద్దే వద్దంది. అన్నం తింటుంటే నోట్లోకి వెంట్రుకలు వస్తున్నాయని విసుగొచ్చి, తనే నాన్నను పిలిచి తీసేయమంది. కత్తి, బ్లేడు వాడొద్దు. ట్రిమ్మర్‌తో పొట్టిగా తీస్తే చాలు.

తర్వాత మాడు పసిపిల్లల మాడులా ఉంటుంది. పిల్లలకు వాడే మైల్డ్ షాంపూ, మెత్తటి తువ్వాలు చాలు. మన కోనసీమ కదా, ఇంటింటా ఎవరో ఒకరు గుంటగలగర పసరు రాయమంటారు, మందార ఆకు నూరి పట్టించమంటారు. ఏదీ రాయనివ్వకండి. చర్మం దురదగా, పొడిగా ఉంటే కొబ్బరినూనె రాయచ్చా అని కూడా డాక్టర్నే అడగండి. తల చల్లబరిచే టోపీ పెడితే జుట్టు ఊడదని ఎవరైనా చెప్పినా, రక్త క్యాన్సర్‌కు అది వాడరు. విగ్గు తనంతట తాను అడిగితేనే కొనండి, మన ఉక్కపోతకు చాలామంది పిల్లలు తీసి పక్కన పెట్టేస్తారు. మీ ఆయన పాత నూలు పంచె చింపి తలకు కట్టినా, మెత్తటి కాటన్ టోపీ కుట్టినా హాయిగా ఉంటుంది. ఎండలోకి వెళ్లేటప్పుడు మాత్రం తల కప్పాలి.

అద్దాలు తీయకండి. తీస్తే, చూడకూడనంతగా మారిపోయానని పిల్లకు చెప్పినట్టే. పాప చూసుకునేటప్పుడు పక్కన మీరు ఉండండి. స్టెరాయిడ్ మాత్రల వల్ల బుగ్గలు కూడా ఉబ్బుతాయి, ఆకలి, కోపం పెరుగుతాయి. కొందరు పిల్లలకు జుట్టు కంటే ఆ బుగ్గల బాధే ఎక్కువ. ఈ చికిత్స చాలామందికి రెండు, మూడేళ్లు నడుస్తుంది. అన్నాళ్లూ జుట్టు లేకుండా ఉండదు. గట్టి మందులు అయిపోయి మెయింటెనెన్స్‌కు, అంటే తేలికపాటి మందుల దశకు వచ్చాక చాలామందికి మొలుస్తుంది. మొదట్లో ఉంగరాలు తిరిగో, రంగు తేడాగానో రావచ్చు, కంగారు పడకండి.

చూడవచ్చిన చుట్టాలు గుమ్మంలోనే ‘అయ్యో, జడ ఎలా ఉండేదే తల్లీ’ అని మొదలుపెడతారు. గేటు దగ్గరే ఆపి చెప్పండి, పాప ముందు జుట్టు ఊసెత్తొద్దని. అంత మాట అనడానికి మొహమాటపడకండి.

బడికి ఎప్పుడు పంపాలో డాక్టర్లు చెబుతారు. అంతకు ముందే మీరు వెళ్లి టీచరు గారితో మాట్లాడండి. ఇది అంటుకునే జబ్బు కాదని, టోపీ ఎవరూ లాగకూడదని, పాప రాకముందే ఆవిడ పిల్లలకు చెప్పాలి. క్లాసులో టోపీ ఉంచుకోనివ్వమని అడగండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే రాత్రయినా సరే, తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పండి, పాపకు పొక్కులు వచ్చాక చూద్దామనుకోకండి. ఆ కబురు మీకు వెంటనే చెప్పమని టీచరు గారికి మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి.