అన్నయ్య కారుకు మళ్ళీ ఎరుపు రావాలంటే

తల్లీ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. బానెట్, టాప్ సుద్ద పూసినట్టు తెల్లగా పాలిపోయాయి, తలుపుల కింది భాగం మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది. మెకానిక్ షెడ్డువాడు మొత్తం పెయింట్ కొట్టించమన్నాడని రాశావు కదా, అప్పుడే ఒప్పుకోకు. మా అన్నయ్య ఆ మారుతి 800 కొన్నది 1996లో. కంపెనీ వేసిన ఆ రంగు ఇంకా బతికే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది, పైపొర ఒక్కటే చచ్చింది. ఎండకి రంగును పట్టి ఉంచే జిగురు పాడైపోతే లోపలి పొడి పైకి తేలి సుద్దలా కనిపిస్తుంది. ఎరుపుకి ఈ బాధ మరీ ఎక్కువ. దానికి తోడు కాకినాడ ఉప్పుగాలి, మీ బోరు నీళ్ళు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. తెల్లటి పాత బనీను గుడ్డ మీద కొంచెం పాలిష్ వేసి బానెట్ మీద ఓ మూల రుద్ది చూడు. గుడ్డకి ఎరుపు అంటితే అది పైన క్లియర్ కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శక పొర, లేని పాత రకం పెయింట్, ఆ రోజుల్లో మామూలు రంగుల బండ్లు చాలావరకు అలాగే వచ్చేవి. గుడ్డ ఎర్రబడిందని టెన్షన్ పడకు, చచ్చిన రంగు వచ్చేస్తోందంతే. ఎరుపు అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్టు. ఇంకో సంగతి, ఎడమవైపు ముందు తలుపుకి ఒకసారి దెబ్బ తగిలితే అన్నయ్య బయట పెయింట్ వేయించాడు, దాని కింద పుట్టీ ఉండొచ్చు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తలుపు మీద అక్కడక్కడా పెట్టి చూడు, పుట్టీ మందంగా ఉన్నచోట అది సరిగ్గా అంటుకోదు. ఆ తలుపుని వేరే బండి అనుకుని విడిగా పరీక్షించు, మిగతా బండి లెక్క దానికి పనికిరాదు.

పొరలు పొరలుగా లేచి, గోరు పెడితే పెచ్చులూడే చోటు ఎక్కడైనా ఉంటే దాన్ని ముట్టుకోకు. పాలిష్‌తో బాగయ్యేది పాలిపోయిన రంగు మాత్రమే, ఊడిపోయిన పొర తిరిగి రాదు. అంతవరకే షెడ్డువాడి చేత చేయించు.

ఇక కడగడం. రెండు బక్కెట్లు పెట్టుకో, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి ఉత్త నీళ్ళు. పైనుంచి కిందికి కడుగు. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా తర్వాత దాన్ని నువ్వే బండంతా తిప్పి గీతలు పెడతావు. బోరు నీళ్ళ తెల్లమరకలు పోకపోతే సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి తుడిచి వెంటనే కడిగెయ్యి. ఆరాక అరచేతిని ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బానెట్ మీద మెల్లగా నిమురు, గరుగ్గా తగిలితే క్లే బార్ కావాలి, అంటే అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద. షాంపూ నీళ్ళు బాగా చల్లి, బలం పెట్టకుండా దాన్ని రేకు మీద జరుపు. కింద పడితే ఆ ముక్క పారెయ్యాల్సిందే, ఎంత డబ్బు పెట్టి కొన్నా సరే.

టూత్‌పేస్ట్, కిరోసిన్, డీజిల్ అని ఎవరెవరో చెప్తారు, ఒక్కటీ వద్దు. డీజిల్ తుడిస్తే ఆ పూటకి మెరుస్తుంది, సాయంత్రానికి దుమ్మంతా దాని మీదే ఉంటుంది.

పాలిష్ ఎండలో చెయ్యకు. మీ వాకిట్లో వేపచెట్టు నీడ సరిపోదు, పైనుంచి ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది. మీ కారు షెడ్డు లోపలికి పెట్టి, రేకు చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే మొదలుపెట్టు. రబ్బరు బీడింగ్‌కి, నల్ల ప్లాస్టిక్‌కి, ముఖ్యంగా బానెట్ అంచులకి, మడత గీతలకి మాస్కింగ్ టేప్ వెయ్యి.

అంచుల గురించి ఎందుకింత చెప్తున్నానో విను. నా పాత పద్మిని కారుకి మొదటిసారి పాలిష్ పట్టినప్పుడు ఎవరి దగ్గరో గ్రైండర్ అడిగి తెచ్చి, దానికే బొచ్చు ప్యాడ్ బిగించాను. ఆ మెషిన్ నిమిషానికి పదివేల పైచిలుకు తిరుగుతుందని నాకప్పుడు తెలీదు. బానెట్ మడత మీద పట్టుమని పావు నిమిషం కూడా పెట్టలేదు, నీలం రంగు పోయి దాని కింద వేసే బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది, బండి అమ్మేదాకా చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టుండేది. మడతల మీద, అంచుల మీద పెయింట్ పల్చగా ఉంటుంది, వేడి అక్కడే పుడుతుంది. ఈ రోజుల్లో కార్ల మీద క్లియర్ కోట్ అయితే నలభై యాభై మైక్రాన్లే, అంటే మనం ప్రింట్ తీసే కాగితం మందంలో సగం. పాలిష్ పట్టడమంటే ఉన్న పెయింట్‌ని అరగదీయడమే తల్లీ, నువ్వు కొత్తగా ఏమీ వెయ్యట్లేదు. అందుకే తక్కువ గరుకు దానితో మొదలుపెట్టమంటాను. ముందు ఫినిషింగ్ పాలిష్‌తో అడుగు చదరం చేసి చూడు, చాలకపోతేనే ఎక్కువ గరుకుండే రబ్బింగ్ కాంపౌండ్ తియ్యి. నీటి కాగితం, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, దాని జోలికి మాత్రం పోవద్దు, అది చెయ్యి తిరిగినవాళ్ళ పని.

మెషిన్ కొనేటట్టయితే డ్యూయల్ యాక్షన్ అని అడుగు, అది తిరుగుతూ పక్కకి కూడా ఊగుతుంది కాబట్టి ఒకేచోట కాల్చెయ్యదు. ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో వేసి, ఆన్ చెయ్యకముందే రేకు మీద పూసి, అప్పుడు స్విచ్ వెయ్యి. లేకపోతే గోడకి కూడా పాలిష్ పడుతుంది. అడుగున్నర చదరం కంటే ఎక్కువ ఒకేసారి పెట్టుకోకు. సెకనుకి అంగుళం చొప్పున మెల్లగా జరుపు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అలా నాలుగైదు సార్లు. చేత్తో ముట్టుకుని చూస్తూ ఉండు, గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చుర్రుమంటే ఆపెయ్యి. ప్యాడ్ ఎర్రటి పొడితో నిండిపోతుంది, ఒక్కో భాగం అయ్యాక బ్రష్‌తో దులుపుకోకపోతే తీసిన మురికినే మళ్ళీ రుద్దుతావు. మెషిన్ లేకపోయినా దిగులు లేదు, ఈ చిన్న బండికి చెయ్యి చాలు, కాకపోతే బానెట్ ఒక్కదానికే పూట పడుతుంది, మర్నాడు భుజం నొప్పి ఖాయం. ముక్కుకి గుడ్డ కట్టుకో.

ఒక్కో భాగం కాగానే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్ళు కలిపి తుడిచి చూడు. పాలిష్‌లో ఉండే నూనె గీతల్ని కప్పేస్తుంది, అది పోయాక కనిపించేదే అసలు మెరుపు. అక్కడక్కడా లోతు గీతలు మిగిలితే మిగలనీ, వాటి కోసం మళ్ళీ మళ్ళీ అరగదీయకు. పాతికేళ్ళు దాటిన బండి మీద ఆ నాలుగు గీతలు ఉంటే నాకేమీ తప్పనిపించదు, వాటిల్లో కొన్ని నువ్వు సైకిల్ ఆనించి పెట్టినవే.

ఆఖర్న వాక్స్ తప్పకుండా పట్టించాలి. ఇది మానేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ సుద్ద మొదలవుతుంది, క్లియర్ కోట్ లేని పాత పెయింట్ అయితే దాని మీద కాపాడే పొర వేరే ఉండదు కదా. పల్చగా, ఉందో లేదో అన్నంతగా పూసి, మసకబారాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యి. సముద్రం దగ్గర కాబట్టి రెండు నెలలకోసారి వేసుకో. దుమ్ము మీద కవర్ కప్పావంటే గాలికి అదే గీతలు పెడుతుంది, కడిగి ఆరాకే కప్పు.

ఆదివారం బానెట్ మీద ఆ అడుగు చదరం ఒక్కటే చెయ్యి, బండంతా మొదలుపెట్టకు. అయ్యాక పగటి వెలుతుర్లో పక్క నుంచి ఒక ఫోటో, రుద్దిన గుడ్డది ఒక ఫోటో తీసి పంపు. గుడ్డ చూస్తే కాంపౌండ్ కావాలో వద్దో నేను చెప్పేస్తాను.

బాబాయి